అవ్వకు కనపడని తేనెపట్టు

కదిరిలో మేం బాడుగకున్న ఇంటి పెరట్లో ఒకే ఒక్క చెట్టు ఉండేది. దానిమ్మ. చెట్టు అని అలవాటుగా అంటాం గానీ నిజానికి అది పొద. మొదట్లోనే కొమ్మలు కొమ్మలుగా చీలి, నా నెత్తి కంటే కాస్త ఎత్తుకు పోయి, అక్కడి నుంచి పక్కలకు గుబురుగా కమ్ముకుంది. మా నాయన చెనిక్కాయలు, అంటే వేరుశనక్కాయలు ఆడే మిల్లులో మోటార్లు, బెల్టులు చూసుకునే పని చేసేవాడు. మిల్లుకు నడిచిపోయేంత దూరమని తొంభైల చివర్లో ఆ ఇంట్లో దిగాం. అమ్మ ఊరి బయట పల్లెలో అంగన్‌వాడీ పని చేసేది. పొద్దున బస్సెక్కితే మళ్లీ మధ్యాహ్నం దాటాకే రావడం. ఇంట్లో మిగిలేది నేనూ, నాయన వాళ్లమ్మ, అంటే మా అవ్వ.

దానిమ్మ పిలకను తెచ్చిచ్చింది పక్కింటి అత్త. అత్త అంటే చుట్టరికం ఏమీ లేదు. వాళ్లు ముస్లిములు. ఆమె భర్త ఆటో తోలేవాడు, ఆయన్ని నేను మామా అనేదాన్ని. రెండిళ్లకూ మధ్య నడుమెత్తు రాతిగోడ. అత్త పుట్టిల్లు గార్లదిన్నె దగ్గర, అక్కడ వాళ్లన్నకు దానిమ్మ తోట ఉంది. ఒకసారి ఊరికి పోయి వస్తూ తడిగోనెలో చుట్టి రెండు పిలకలు తెచ్చింది. ఒకటి వాళ్ల పెరట్లో పెట్టుకుంది, ఒకటి గోడ మీంచి అవ్వకు అందించింది. వాళ్లది ఆ వేసవికే ఎండిపోయింది. మాది బతికింది.

బతికింది అంటే అవ్వ బతికించింది. ఆ ఏళ్లలో వానలు ఎట్లా మోసం చేశాయో మా వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. కొళాయి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. బిందెలు వరసపెట్టి కూచోవడమే. అవ్వ మాత్రం బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు, చేతులు కడిగిన నీళ్లు ఒక్క చుక్క కూడా మోరీలోకి పోనిచ్చేది కాదు. అన్నీ ఒక మట్టిబానలో చేరేవి. సాయంత్రం పొద్దు వాలాక బాన వంచి చెట్టు మొదట్లో పోసేది. నేను మరిచిపోయి గిన్నె నీళ్లు బయట పారబోస్తే, "నీ దాహమప్పుడు నేనూ ఇట్లనే పారబోస్తా చూడు" అనేది.

శివరాత్రి వెళ్లి ఎండ చురుక్కుమనడం మొదలైతే చాలు, ఆ చెట్టు మారిపోయేది. ముందు రాగిరంగు చిగుళ్లు. తర్వాత మైనంతో చేసినట్టుండే ఎర్రటి మొగ్గలు. మొగ్గ కొన పగిలి లోపల్నుంచి నలిగిన కాగితంలాంటి రేకులు బయటికొచ్చేవి. ఉగాది నాటికి చెట్టంతా ఎరుపే. చుట్టూ చూస్తే కొండలు బోడిగా, చేలు దుక్కుల్లో దుమ్ముగా ఉండేవి కాబట్టి, ఊళ్లో ఉన్న ఈగలూ పిట్టలూ అన్నీ మా పెరట్లోకే వచ్చేవేమో అనిపించేది. చిన్న తేనెటీగలు, నల్లటి లావాటి తుమ్మెదలు, ఎండ పడితే రెక్కలు మెరిసే సీతాకోకచిలుకలు. బొటనవేలంత తేనెపిట్ట ఒకటి కొమ్మ కొసన తలకిందులుగా వేలాడి పువ్వులోకి ముక్కు దూర్చేది.

అవ్వ పొద్దున్నే ఆ చెట్టు పక్కన బట్టలుతికే బండ మీద కూచుని చెనిక్కాయలు ఒలిచేది. నేను గడప మీద కూచుని చదువుకునేదాన్ని. ఆమె తలెత్తకుండానే చెప్పేది.

"అదిగో, తుమ్మెద వచ్చె. పొద్దునొచ్చింది కాదు, ఇది ఇంకోటి. దీని మోత బరువుగా ఉండాది."

మరి కాసేపటికి, "తేనెపిట్ట వచ్చినట్టుండాది. పైకొమ్మలో ఉంటాది చూడు" అనేది.

చూస్తే అది పైకొమ్మలోనే ఉండేది. అవ్వ కళ్లు ఎంత చురుకో అనుకునేదాన్ని.

నేను ఇంటర్ రెండో ఏడు పరీక్షలు రాసిన వేసవి అది. చివరి పరీక్ష అయిపోయి ఇంట్లోనే ఉన్నాను. ఆ ఏడు పూత ఎన్నడూ లేనంతగా వచ్చింది. ఒకరోజు చిన్న తేనెటీగలు గుంపుగా వచ్చి దానిమ్మ కొమ్మకే పట్టు కట్టడం మొదలుపెట్టాయి. అరచేయంత పట్టు. కొమ్మను చుట్టుకుని, ఈగలే చీర కప్పినట్టుగా దాన్ని కప్పుకుని ఉండేవి. గోడకు కాదు, మిద్దెకు కాదు, సరిగ్గా బండకెదురుగా, మనిషి మొహమంత ఎత్తులో. అందరికీ కనపడేదే కాబట్టి ఎవరూ ఎవరికీ పెద్దగా చెప్పుకోలేదు. అమ్మ పొద్దున బస్సుకు పోతూ, "చెట్టు దగ్గర జాగ్రత్త, పట్టు కట్టినాయి" అని ఒక మాట విసిరి పోయింది. అవ్వ "ఊఁ" అంది.

రెండు మూడు రోజుల తర్వాత అత్త గోడ దగ్గరికొచ్చి పిలిచింది.

"పెద్దమ్మా, కడుపు సరిగా ల్యా నాకు. నాలుగు దానిమ్మ చిగుళ్లిస్తావా, నూరుకోని తాగుతా."

"దానికేం, ఉండు" అని అవ్వ ఒళ్లోని చెనిక్కాయలు చేటలో పోసి లేచింది. నేను వంటింట్లో ఉన్నాను. అత్త కేక వినపడింది.

"ఆడ కాదు పెద్దమ్మా! ఆడ పట్టుండాది! చెయ్యి తియ్యి!"

నేను పరిగెత్తి వచ్చేసరికే అవ్వ చెయ్యి పట్టు మీద పడిపోయింది. పట్టు సగం విరిగి కిందికి వేలాడుతోంది. ఈగలు అవ్వ చేతిని, మొహాన్ని, మెడను కమ్ముకున్నాయి. అవ్వ అరవలేదు. కళ్లు గట్టిగా మూసుకుని, ఎటు పోవాలో తెలియనట్టు ఉన్నచోటనే నిలబడి రెండు చేతులూ గాలిలో తడుముతోంది. దండెం మీద ఆరేసిన దుప్పటి లాగి ఆమె మీద కప్పి, నడుం పట్టుకుని లోపలికి ఈడ్చుకొచ్చి తలుపేశాను. నాకూ నాలుగు కుట్టాయి గానీ అప్పుడు తెలియలేదు.

అత్త వీధివైపు నుంచి చుట్టూ తిరిగి పరిగెత్తుకొచ్చింది. అవ్వను మంచం మీద పడుకోబెట్టి, చెంపల మీద, చేతుల మీద దిగబడ్డ ముళ్లన్నీ గోటితో గీరి తీసింది. ఉల్లిగడ్డ కోసి రుద్దింది. ఆమె ఏడుస్తూనే ఉంది. "నా చిగుళ్లు మన్నుగాను, నేనడక్కుంటే అయిపోవునే" అంటూనే ఉంది. మామ అప్పుడే అన్నానికని ఇంటికొచ్చాడు. చెయ్యి కూడా కడుక్కోకుండా ఆటో తిప్పి అవ్వను డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. సూది వేసి, మాత్రలిచ్చి, భయం లేదని పంపారు. ఇంటికొచ్చేసరికి అవ్వ మొహం ఉబ్బి గుర్తుపట్టలేనట్టయింది.

కబురు తెలిసి మా నాయన మిల్లు నుంచి వచ్చాడు. అవ్వను చూశాడు. నేరుగా పెరట్లోకి పోయి చూరులోంచి కొడవలి తీశాడు.

"ఈ చెట్టే ఉండకూడదు ఇంట్లో. మొదలంటా నరికేస్తా ఈపొద్దు."

"నరకొద్దు రా," అంది అవ్వ మంచం మీంచి. పెదాలు వాచి మాట ముద్దగా వచ్చింది.

"నువ్వు గమ్మునుండు మా. మొగం చూసుకున్నావా ఎట్లయిందో?"

"వాటి తప్పేముంది రా? అంత పట్టు మొగానికెదురుగా ఉంటే చెయ్యి పోయి అందులో పెట్టింది నేను గదా."

"ఎదురుగా ఉంటే ఎందుకు పెట్టినావు మరి?"

అవ్వ మంచం మీదే గోడవైపు తిరిగింది. అటు తిరిగే చెప్పింది.

"నాకు కనపడల్యా."

నాయన కొడవలి పట్టుకునే గడపలో నిలబడిపోయాడు. "కనపడల్యా అంటే?"

"కనపడల్యా అంటే కనపడల్యా. కుడికంటికి వెలుతురొకటే తెలుస్తాది. ఎడమదానికి అంతా పొగ మాదిరి. మనిషి అడ్డమొస్తే నీడ మాదిరి తెలుస్తాది. ఎవరనేది గొంతును బట్టి చెప్పల్ల."

"ఎప్పట్నుంచి?"

"ఈ ఇంట్లోకి వచ్చినాక ముదిరింది. ఏండ్లాయ."

ఒక్కొక్కటే నాకు అప్పుడు అర్థమవడం మొదలైంది. బియ్యంలో రాళ్లేరే పని నాకప్పగించి, తను చెనిక్కాయలు ఒలిచే పని ఎందుకు పెట్టుకుందో. సూదిలో దారం ఎక్కించమని ఎందుకు అడిగేదో. ఎవరైనా వాకిట్లోకొస్తే వాళ్లు నోరు తెరిచేదాకా ఆగి, ఆ తర్వాతే "రాండి, బాగుండారా" అని ఎందుకు పలకరించేదో. తుమ్మెదలో తుమ్మెదకు తేడా చెప్పింది చెవులతో. తేనెపిట్ట ఎక్కడ కూచుందో చెప్పింది చెవులతో. పట్టు కట్టినాయని అమ్మ చెప్పినప్పుడు ఎక్కడ అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అడిగితే తనకు కనపడదని బయటపడుతుంది. అందుకని "ఊఁ" అని ఊరుకుంది.

నాయన గడపలో కూలబడ్డాడు. "నాకెందుకు చెప్పలేదు మా?" అన్నాడు. ఆయన గొంతు అట్లా పలకడం నేను ఎన్నడూ వినలేదు.

"చెప్తే ఆస్పత్రికి ఈడ్చకపోతావు గదా."

ఆస్పత్రి అంటే ఆమెకు ఎందుకంత భయమో ఆ సాయంత్రం చెప్పింది. అవ్వ చిన్నప్పుడు వాళ్లమ్మకు కంటికి ఆపరేషన్ చేశారట. ఆ కాలపు పద్ధతి. ఆపరేషనయ్యాక తల కదపకుండా రోజుల తరబడి పడుకోవాలని, తలకు రెండు పక్కలా ఇసుకసంచులు పెట్టారట. తుమ్మకూడదు, దగ్గకూడదు. ఆమె పాపం దగ్గింది. కన్ను చీము పట్టి పోయింది. ఆ తర్వాత ఆమె బతికినన్నాళ్లూ చెయ్యి పట్టుకుని తిప్పింది అవ్వే. "చూపు తగ్గినా ఇంతో అంతో ఉండాది. ఉన్నదాన్ని పోగొట్టుకోమంటావా?" అంది నాయనతో.

నాయన లేచాడు. కొడవలి మళ్లీ చూరులో పెట్టాడు. మర్నాడు పొద్దున చూస్తే, పడమటి ఎండ తగలకుండా పాత చాప ఒకటి విరిగిన పట్టుకు అడ్డంగా కట్టి ఉంది. ఎవరు కట్టారని అడిగితే, "ఏమో, గాలికి కొట్టుకొచ్చిందేమో" అన్నాడు మా నాయన.

అవ్వ మొహంలో వాపు దిగింది. మేమందరం మాటిమాటికీ ఆపరేషన్ గురించి ఎత్తేవాళ్లం, ఆమె మాట మార్చేది. అప్పుడొక రోజు వీధిలో మైకు మోత వినపడింది. ఊళ్లోని బడిలో ఉచితంగా కంటి పరీక్షలు చేస్తారని, శుక్లాలున్నవాళ్లకు పెద్దాస్పత్రికి తీసుకుపోయి ఉచితంగా ఆపరేషన్ చేయిస్తారని చాటింపు. ఆటోకు రెండు మైకులు కట్టి ఆ చాటింపు వేస్తున్నది ఎవరో కాదు, మా మామే. శిబిరం పెట్టినవాళ్లు ఆయన ఆటోను ఆ రెండురోజులకూ మాట్లాడుకున్నారు. వీధివీధీ తిరిగి మా ఇంటి ముందుకొచ్చి ఆపాడు. మైకు నోటికి ఆనించుకుని ఊరంతా వినపడేట్టు అరిచాడు.

"కండ్లు మసకగా ఉన్న పెద్దోళ్లందరూ రావల్ల! పెద్దమ్మా, నీకే చెప్తాండేది! దానిమ్మ చెట్టింటి పెద్దమ్మా! వినపడుతాందా?"

వీధిలోవాళ్లు నవ్వారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. అవ్వ వాకిట్లోకొచ్చి, మోత వచ్చే దిక్కుకు చెయ్యూపుతూ, "నీ మైకు పగిలిపోను, గమ్మున పోరా!" అని అరిచింది. అరుస్తూనే నవ్వింది. నాలుగైదు రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదలు.

శిబిరం రోజు పొద్దున్నే మామ ఆటో తెచ్చి వాకిట్లో పెట్టాడు. "చూపించుకోని వద్దాం పెద్దమ్మా. చేయించుకోమని ఎవురూ పట్టుకోరు. నీకిష్టం లేకుంటే నేనే తిరిగి తోలకొస్తా" అన్నాడు. ఆ మాట మీద నమ్మకంతో ఆమె ఎక్కింది.

బడి వరండాలో బెంచీల మీద ముసలివాళ్లు వరసగా కూచున్నారు. డాక్టరు చిన్న వయసు అమ్మాయి. నాకు అక్కలా ఉంది. టార్చి వేసి అవ్వ రెండు కళ్లూ చూసింది. కంగారు పెట్టే మాట ఒక్కటీ అనలేదు. శుక్లాలు బాగా ముదిరాయని, లోపల నరం బాగానే ఉన్నట్టుందని చెప్పింది. అవ్వ వాళ్లమ్మ సంగతి, ఇసుకసంచుల సంగతి అంతా చెప్పుకొచ్చింది. వెనక వరస కదలక జనం విసుక్కుంటున్నా ఆ అమ్మాయి మధ్యలో ఆపకుండా విన్నది.

"ఇప్పుడట్ల కాదవ్వా. లోపల్నే చిన్న అద్దం పెడతాం. అదే రోజు లేచి కూచోవచ్చు, అన్నం తినొచ్చు. దగ్గొచ్చినా భయం లేదు" అంది. తర్వాత నవ్వుతూ అడిగింది. "చూపొస్తే ముందు ఏం చూడల్లని ఉండాది నీకు?"

దేవుణ్ణనో, కొడుకుననో అంటుందనుకున్నాను.

"మా చెట్టుకు తేనెపట్టు కట్టినాయమ్మా. నన్ను అంతగా కుట్టినోళ్లు ఎంతెంత ఉంటారో చూడల్ల" అంది అవ్వ.

డాక్టరమ్మ పగలబడి నవ్వింది. అవ్వ కూడా నవ్వింది. ఆ నవ్వులోనే ఒప్పుకుంది.

ఆపరేషన్‌కు ముసలివాళ్లందరినీ ఒకే బస్సులో తీసుకుపోయారు. అమ్మకు, నాయనకు సెలవు దొరకదు కాబట్టి తోడుగా నేను పోయాను. బస్సు దిగాక వాళ్లంతా ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని ఆస్పత్రి లోపలికి నడిచారు. అవ్వ ముందున్న ముసలాయన భుజం పట్టుకుని, "ఏమప్పా, నీకు కనపడుతాందా దోవ?" అని అడిగింది. "నాకా? నేను నా ముందాయన్ని పట్టుకోనుండా" అన్నాడు ఆయన. ఆ వరసంతా నవ్వుకుంటూ లోపలికి పోయింది.

ముందు ఎడమకంటికి చేశారు. లోపలున్న సేపు నేను వరండాలో కూచుని ఏ దేవుడికి మొక్కాలో తెలియక అందరికీ మొక్కాను. మర్నాడు పొద్దున కట్టు విప్పింది శిబిరంలో చూసిన ఆ డాక్టరమ్మే. తడి దూదితో రెప్పలు తుడిచి, "మెల్లగా తెరువవ్వా" అంది.

అవ్వ తెరిచింది. రెప్పలార్చింది. గోడను చూసింది, కిటికీని చూసింది. తర్వాత నా వైపు తిరిగి చాలాసేపు అట్లాగే చూసింది.

"నువ్వేనా?" అంది.

"నేనే అవ్వా."

"గొంతు నీదే." ఆమె చెయ్యి చాపి నా గడ్డం పట్టుకుంది. "మొగం మా అమ్మది. ఎప్పుడొచ్చిందే ఈ మొగం నీకు?"

ఆమె నన్ను చివరిసారి సరిగా చూసేనాటికి నేను రెండు జడల పిల్లను. గొంతు మాత్రమే వింటూ ఆమె ఆ ఏళ్లన్నీ నన్ను ఆ రెండు జడల పిల్లగానే ఊహించుకుంటూ ఉంది. నాకు ఏడుపాగలేదు. కన్ను తడవకూడదని నర్సు అవ్వను ముందే హెచ్చరించింది గానీ, ఆమె ఏడవడం లేదు, చూస్తూనే ఉంది. వెళ్లేముందు అవ్వ డాక్టరమ్మ చేతులు రెండూ పట్టుకుని, "నీ కడుపు చల్లగుండ తల్లీ" అంది. ఆ డాక్టరమ్మ పేరు మేం అడగనే లేదు. ఆమె ఎక్కడున్నా బాగుండాలని ఇప్పటికీ అనుకుంటాను.

నల్లద్దాలు పెట్టుకుని అవ్వ ఆటో దిగేసరికి అత్త వాకిట్లో ఎదురుచూస్తోంది. మేం లేనప్పుడు చెట్టుకు నీళ్లు ఆమే పోసింది. ఈగలు తాగడానికని పళ్లెంలో నీళ్లు పోసి, అవి మునిగిపోకుండా అందులో గులకరాళ్లు కూడా వేసింది. అవ్వ ఇంట్లోకి పోలేదు. పక్కసందులోంచి నేరుగా పెరట్లోకి నడిచింది. చాప పక్కకు జరిపితే పట్టు అక్కడే ఉంది. విరిగిన సగాన్ని ఈగలు మళ్లీ కట్టుకున్నాయి. ఈసారి అవ్వ దూరంగా నిలబడి, మెడ చాపి, కన్ను చిట్లించి చూసింది.

"ఇంతేనా?" అంది. "ఇంత చిన్న ఈగలా నన్నట్ల చేసింది?"

అత్త, మామ, నేను ముగ్గురం ఒకేసారి నవ్వాం. అప్పుడే తేనెపిట్ట వచ్చి పువ్వు మీద వాలింది. ఆ కాలంలో మగపిట్ట మెడ, రెక్కలు ఎండలో నీలంగా, ఊదాగా తళతళలాడతాయి. అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అది నల్లపిట్ట గదే?"

"నీలం, అవ్వా. ఎండ పడితే నీలం."

"నాకు నల్లదనే గుర్తు" అంది. ఆ పిట్ట ఎగిరిపోయేదాకా కదల్లేదు. మసక కమ్మిన ఏళ్లలో నీలం అనే రంగే ఆమెకు లేకుండా పోయిందని తర్వాత తెలిసింది. బీరువాలోంచి తన చీరలన్నీ తీయించి, "ఇది మట్టిరంగనుకున్నానే, ఊదా!" అని ఒక్కొక్కటీ వెలుతురులో పెట్టి చూసుకుంది.

సాయంత్రం నాయన మిల్లు నుంచి వచ్చాడు. అవ్వ ఆయన్ని మంచం మీద తన పక్కన కూచోబెట్టుకుంది. తలంతా నిమిరింది.

"ఇంత జుట్టు ఎప్పుడు నెరిసె రా నీకు?"

"ఏండ్లాయ మా," అన్నాడు నాయన.

ఆ తర్వాత మర్యాదలన్నీ అయిపోయాయి. వంటింటి గోడల మసి చూసి అవ్వ మా అమ్మను పట్టుకుని దులిపేసింది. పొగ దగ్గరికి పోవద్దన్నారు కాబట్టి గడపలో కుర్చీ వేసుకుని కూచుని, నాచేత గిన్నెల అడుగులన్నీ బూడిద పెట్టి తోమించింది. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూ, "చూపు లేనప్పుడే బాగుండె" అని నా చెవిలో అంది. సున్నం కూడా వేయించింది ఆ నెలలోనే.

పూత రాలిపోయాక ఈగలు ఒకరోజు లేచి ఎటో వెళ్లిపోయాయి. చెట్టుకు నిలిచిన కాయలు కొన్నే. ఎండకు కొన్ని పగిలాయి. మంచివి ఏరి అవ్వ అత్తకూ మామకూ ఇచ్చింది. అన్నిటికంటే పెద్ద కాయను గుడ్డలో చుట్టి, కంటి తనిఖీకి పోయినప్పుడు డాక్టరమ్మకని తీసుకుపోయింది. ఆ రోజు ఆమె వేరే ఊరి శిబిరానికి పోయిందట. అవ్వ కాసేపు ఆ కాయను చేతిలో తిప్పుకుంటూ కూచుంది. పక్కన బెంచీ మీద ఆపరేషన్‌కొచ్చిన ముసలామె ఒకతె వణుకుతూ కూచుని ఉంది. అవ్వ కాయను ఆమె ఒళ్లో పెట్టింది. "లోపలికి పోయి వచ్చినాక తిను. అప్పుడైతే గింజలు ఎర్రగా కనపడతాయి" అంది.

మరుసటి ఏడు కుడికన్ను కూడా చేయించుకుంది. ఈసారి ఎవరూ బతిమాలలేదు. అంతటితో ఆగలేదు. శిబిరం పెడతారని తెలిస్తే చాలు, వీధిలో కళ్లు మసకలైన వాళ్లను వెతికి పట్టుకుని మామ ఆటోలో ఎక్కించేది. మామ చాటింపుకు పోతే ఒకటి రెండు సార్లు పక్కన కూచుని పోయింది కూడా. మైకులో మాట్లాడమంటే సిగ్గుపడి చెయ్యి అడ్డం పెట్టుకునేది.

ఆమె అందరికంటే కష్టపడి ఒప్పించింది తన సొంత చెల్లెల్ని. ఆ చిన్నవ్వ కంబదూరు పక్కన పల్లెలో ఉండేది. ఇద్దరూ కలుసుకుని చాలా ఏళ్లయింది. ఆమెకూ చూపు పోయిందని ఎవరో చెప్పగా అవ్వ నన్ను తోడు తీసుకుని బస్సు మీద బస్సు మారి అక్కడికి పోయింది. చిన్నవ్వ ఇంటి ముందు అరుగు మీద కూచుని ఉంది. అవ్వ పోయి పక్కన కూచుని, మాట్లాడకుండా ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఎవురూ?" అంది చిన్నవ్వ.

"నేనే. గొంతు వినకుండా గుర్తుపట్టల్యా చూడు. అందుకే వచ్చినా."

చిన్నవ్వ వాళ్లమ్మ సంగతి ఎత్తింది. ఇసుకసంచుల సంగతి ఎత్తింది. అవ్వ అన్నిటికీ తల ఊపింది. "ఆ ఇంట్లోనే పుట్టిన నేను చేయించుకోలేదా? నాకు పోయిందా కన్ను?" అంది. ఆ రాత్రి అక్కడే ఉండిపోయాం. మర్నాడు ముగ్గురం కలిసి బయల్దేరాం.

ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్లు చిన్నవ్వను మా ఇంట్లోనే ఉంచుకున్నాం. మొదటిరోజు పొద్దున ఇద్దరూ పెరట్లో కూచున్నారు. చిన్నవ్వ నల్లద్దాలు కాస్త పైకి జరిపి, వాళ్లక్కను తలనుంచి కాళ్లదాకా చూసి నోరు నొక్కుకుంది.

"ఎంత ముసల్దానివై పోయినావే అక్కా!"

"నువ్వు అద్దంలో చూసుకున్నావా?" అంది అవ్వ.

నేను లోపలికి పోయి అద్దం తెచ్చిచ్చాను. ఇద్దరూ దాన్ని ఒళ్లో పెట్టుకుని, తలలు దగ్గరకు చేర్చి, ఒకరి ముడతలు ఒకరికి చూపించుకుంటూ కడుపు పట్టుకుని నవ్వారు. గోడ అవతల అత్త ఏమైందోనని వచ్చి చూసి, విషయం తెలియకుండానే తనూ నవ్వడం మొదలుపెట్టింది.

అవ్వ ఆ తర్వాత ఇంకొన్ని ఏళ్లు బతికింది. చివరి రోజు దాకా కళ్లు బాగా కనపడ్డాయి. నా పెళ్లిలో నా చీర కుచ్చిళ్లు సరిచేసిందీ ఆమే, నా పాప మొహం చూసి ఎవరి పోలికో తేల్చి చెప్పిందీ ఆమే. మామకూ, అత్తకూ, పేరు తెలియని ఆ డాక్టరమ్మకూ నేను ఏమిచ్చుకోగలను? అవ్వ చూపుతో గడిపిన ఆ ఏళ్లు వాళ్లు మాకిచ్చినవే.